నేలమాళిగలో పధ్నాలుగు మంది ఆడవాళ్ళు

పారిస్,
6 సెప్టెంబరు 1954

షాంవెర్ పట్టణమందలి సెంట్ మార్గరీత్ ధర్మాసుపత్రి పెద్ద సిస్టర్ ఫిలొమీన్ గారికి,

పాత ఆసుపత్రుల క్రమబద్ధీకరణ కార్యాలయము నుండి ఉప నిర్దేశకుడు అన్సెల్మ్ బ్రికూ వ్రాయునది.

విషయము: తమ ఆసుపత్రిని మూసివేయుట.

ఐదువందల సంవత్సరములు దాటిన గోడల మధ్య వైద్యము చేయుట ఈ కాలమునకు తగదని మా కార్యాలయము భావించుచున్నది. కావున వచ్చు జనవరి నుండి తమ ఆసుపత్రిని మూసి, రోగులను దిజోన్ నగరమునకు తరలించవలెనని యోచన. అందుకు ముందుగా ఈ దిగువ మూడు ప్రశ్నలకు సమాధానము పంపవలెను. ఒకటి, రోగుల సంఖ్య. రెండు, సంస్థకు గల భూములు. మూడు, ఆదాయ మార్గము. ప్రశ్నకొక పుట చొప్పున వేరువేరు కాగితములపై వ్రాయవలెను. ఒకే కాగితమున రెండు సమాధానములు వ్రాసినచో చదువబడవు.

ఇట్లు,
అ. బ్రికూ

గమనిక: కన్నీటి మరకలు గల లేఖలు ఫైలులో అతుకుకొనిపోవుచున్నవి. దయచేసి గమనించగలరు.


షాంవెర్,
14 సెప్టెంబరు

బ్రికూ గారికి సిస్టర్ ఫిలొమీన్ ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది నాయనా. మూసేస్తామన్న మాట చదివి వినిపిస్తే వంటగదిలో ఇద్దరు సిస్టర్లు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. అందులో ఒకావిడ ఉల్లిపాయలు తరుగుతోంది కాబట్టి ఆవిడని వదిలేయండి. మీరు అడిగినట్టే పుటకొక జవాబు రాస్తున్నాను.

మొదటి పుట. మంచాలు ముప్ఫై రెండు, రోగులు ముప్ఫై ఒక్కరు. ఖాళీ మంచం మా ఊరి రొట్టెలవాడి అత్తగారిది. ఈ ఉదయమే ఇంటికి పంపాం. ఇంకో వారం ఉంచుకోమని అల్లుడు కాళ్ళావేళ్ళా పడ్డాడు గానీ, ఆవిడలో ఏ జబ్బూ మిగల్లేదు. వచ్చినవాళ్ళని డబ్బుందా అని గుమ్మంలో అడిగే అలవాటు మాకు మొదటినుంచీ లేదు. ఇప్పుడు నేర్చుకుందామన్నా నాకు డెబ్భై ఒకటో ఏడు.

రెండో పుట. మా భూములంటే కొండవాలు మీది ద్రాక్షతోటలే. ఆసుపత్రి కట్టిన ఏడాదే ఫిలిబెర్త్ అనే వితంతువు తన తోట రాసిచ్చింది. ఆ వెనక క్లోతిల్ద్, గిల్లెమెత్, పెర్రెనోత్, ఇలా మొత్తం పధ్నాలుగు మంది పుణ్యాత్మురాళ్ళు. అందరూ కాలంచేసి వందల ఏళ్ళయింది. ఏ తోట ద్రాక్షతో తీసిన వైన్‌ని ఆ తోట ఇచ్చినావిడ పేరుతోనే పిలుస్తాం. పీపాల మీద కూడా ఆ పేర్లే రాస్తాం. వాళ్ళ రుణం తీర్చుకోవడానికి మాకు తెలిసిన దారి అదొక్కటే.

మూడో పుట. ఆదాయం అంటారా, మా కింద నేలమాళిగలో ఉన్న పధ్నాలుగు మంది ఆడవాళ్ళే మమ్మల్ని పోషిస్తున్నారు. మందులు, దుప్పట్లు, డాక్టరు గారి జీతం, అన్నీ వాళ్ళ చలవే. ఏటా నవంబరు రెండో ఆదివారం వాళ్ళని వేలం వేస్తాం. దూరదూరాల నుంచి పెద్దమనుషులు వచ్చి ఎగబడి తీసుకుపోతారు. ఇన్నేళ్ళలో ప్రభుత్వాన్ని చేయి చాచి అడిగిన పాపాన పోలేదు.

ప్రార్థనలతో,
సిస్టర్ ఫిలొమీన్

తా.క. ఈ ఏడు క్లోతిల్ద్ మీద మాకు చాలా ఆశ. నిరుడు మరీ పెంకిగా ఉండేది. ఇప్పుడు నెమ్మదించింది, కాస్త ఒళ్ళు కూడా చేసింది. మంచి ధర పలుకుతుంది.


పారిస్,
22 సెప్టెంబరు

సిస్టర్ ఫిలొమీన్ గారికి,

తమరి లేఖ చేరినది. మొదటి పుట సంతృప్తికరము. రెండవ పుటలో ‘ద్రాక్ష’ అను మాట కనబడినందున, అది మా పరిధిలోనిది కానందున, చదువకుండగనే వ్యవసాయము వారి కార్యాలయమునకు పంపబడినది.

మూడవ పుటను మాత్రము నేను మూడు పర్యాయములు చదివితిని. అనంతరము కిటికీ తెరిచి కొంతసేపు నిలబడితిని.

ఆ పదునలుగురు ఎవరు? వారి వయస్సెంత? నేలమాళిగలో ఎంతకాలముగా ఉంచబడిరి? వారిని చూచుకొనువారెవరు? కొనుగోలుచేయు ఆ ‘పెద్దమనుషులు’ ఎవరు? వెంటనే తెలుపవలెను. ఏదియు దాచవద్దు.

ఇట్లు,
అ. బ్రికూ

గమనిక: క్లోతిల్ద్ అను నామెకు తన్ను వేలము వేయబోవుచున్న సంగతి తెలియునా?


షాంవెర్,
1 అక్టోబరు

బ్రికూ గారూ,

రెండో పుట ఎటు పోతేనేం లెండి, అందులో కొత్త సంగతేముంది! మా ఊళ్ళో పసిపిల్లకైనా తెలిసిందే. కానీ మీరు మా వాళ్ళ గురించి పేరుపేరునా ఇంత శ్రద్ధగా అడగటం చూసి నా మనసు నిండిపోయింది. ఆఫీసులో కూర్చునేవాళ్ళలో ఇంత సున్నితం నేను చూడలేదు.

గిల్లెమెత్‌కి మొన్ననే మూడేళ్ళు నిండాయి. కింద ఉన్నవాళ్ళలో అదే పెద్దది. క్లోతిల్ద్‌కి రెండేళ్ళు. పెర్రెనోత్ నిరుటిది, ఇంకా ఉడుకు తగ్గలేదు, కాస్త కదిపితే చాలు నురగలు కక్కుతుంది. ఫిలిబెర్త్ సంగతి చెప్పక్కర్లేదు, మా ఇంటి మహాలక్ష్మి. అందరినీ ఓక్ చెక్కలోనే పడుకోబెట్టి, పైన గట్టిగా బిగిస్తాం. గాలి సోకితే పాడైపోతారు. చలి, చీకటి, నిశ్శబ్దం, ఈ మూడూ ఉంటే వాళ్ళకి ఇంకేం అక్కర్లేదు.

చూసుకునేది పుస్సో. నలభై ఏళ్ళుగా కిందే అతని కొలువు. రోజూ పొద్దున్నే దిగి, ఒక్కొక్కరి దగ్గరా ముక్కు పెట్టి చూసి, ఎవరెలా ఉన్నారో నాకు వచ్చి చెబుతాడు. అతనికి పెళ్ళి కాలేదు. ‘పధ్నాలుగు మందితో వేగుతున్నాను, పదిహేనోది ఎందుకు?’ అంటాడు.

కొనేవాళ్ళా? ఆంట్‌వెర్ప్ వ్యాపారులు, లండన్ దొరలు, పారిస్ హోటళ్ళవాళ్ళు. మా బిషప్ గారు ఏటా ఇద్దర్ని తీసుకెళ్తారు. ఈస్టరు విందులో అతిథుల ముందుకి ఒకర్ని తెస్తారు, రెండో ఆమెని మాత్రం తనకే ఉంచుకుంటారు.

ప్రార్థనలతో,
సిస్టర్ ఫిలొమీన్

తా.క. పెర్రెనోత్ కాస్త కలతగా ఉంటే నిన్న గుడ్లు పట్టించాం. తెల్లసొన మాత్రమే. వారం తిరిగేసరికి తేటపడుతుంది.


పారిస్,
8 అక్టోబరు

సిస్టర్ గారికి,

తమరి లేఖను చదువుచుండగా మా టైపిస్టు ఆమె చేతి పని విడిచి బయటకు వెళ్ళిపోయినది. నేటి వరకు తిరిగి రాలేదు.

మూడేండ్ల పసిదానిని తాము ‘పెద్దది’ అని వ్రాసితిరి! మూర్ఛరోగముతో నురగలు గ్రక్కు బాలికకు తెల్లసొన వైద్యమా? మనుష్యులను చెక్కపెట్టెలలో పెట్టి బిగించుటయా? ఇక బిషప్ గారి విషయమున నా కలము ముందుకు సాగుట లేదు.

ఇందుమూలముగా ఆజ్ఞాపించునది ఏమనగా: ఆ పదునలుగురిని తక్షణమే పైకి తెచ్చి, ఎండ, గాలి తగులు గదిలో ఉంచవలెను. రోజునకు రెండు పర్యాయములు తోటలో నడిపించవలెను. పుస్సో అను వ్యక్తి వారికి ముప్పది అడుగుల దూరమున ఉండవలెను. నవంబరు వేలము నిషేధించడమైనది.

ఇట్లు,
అ. బ్రికూ

గమనిక: పెట్టెలకు కనీసము రంధ్రములైనను ఉన్నవా?


షాంవెర్,
15 అక్టోబరు

బ్రికూ గారూ,

నాకు కోపం రాదు. వస్తే దేవుడికి చెప్పుకుంటాను. నిన్నటినుంచీ దేవుడికి చాలా పని కల్పించాను.

వాళ్ళని పైకి తెచ్చి ఎండలో పెట్టాలా? రెండే రెండు రోజుల్లో అందరూ చచ్చూరుకుంటారు నాయనా! తోటలో నడిపించాలా? దొర్లించుకుంటూ తీసుకెళ్ళాలి, అదీ ఒక్కొక్కరికి ఇద్దరు మగవాళ్ళు కావాలి. పుస్సోకి మీ ఆజ్ఞ చదివి వినిపించాను. ముప్ఫై అడుగులు కొలిచి చూసుకున్నాడు. నేలమాళిగ గోడ దాటి వీధిలో, పశువుల వైద్యుడి గుమ్మం ముందు తేలాడు. అక్కడే నిలబడి కుళ్ళి కుళ్ళి ఏడ్చాడు.

ఇక వేలం వద్దంటారా? అప్పుడు ఈ శీతాకాలం ముప్ఫై ఒక్క మందికి కట్టెలు ఎవరు కొంటారు? కిటికీ పక్క మంచంలో ఒక ముసలి రాళ్ళుకొట్టేవాడు ఉన్నాడు. ఊపిరితిత్తుల నిండా రాతిపొడి. మీ దిజోన్‌కి తీసుకెళ్తే దారిలోనే పోతాడని డాక్టరు గారు అంటున్నారు. నిన్న నా చెయ్యి పట్టుకుని, ‘సిస్టర్, నన్ను ఇక్కడే పోనివ్వండి, అంతకన్నా ఏం అడగను’ అన్నాడు. అతనికి నేనేం చెప్పను, మీ ఫైలు నంబరు చెప్పనా?

మీకు మా వాళ్ళంటే ఎందుకింత పగో నాకు అర్థం కావడం లేదు. కడుపులో పుండేమైనా ఉందా? ఉంటే చెప్పండి, ఒక మంచం ఖాళీగానే ఉంది. ఒక్క మాట అడుగుతాను. మీరే స్వయంగా రండి. వచ్చి ఫిలిబెర్త్‌తో ఒక్క సాయంత్రం గడపండి. ఎంతటి రాతిగుండె మనిషైనా ఆ ఒక్క సాయంత్రంతో మారిపోతాడు. బిషప్ గారిని అడగండి, ఆయనే చెబుతారు.

ప్రార్థనలతో, ఇంకా కొంచెం కోపంతో,
సిస్టర్ ఫిలొమీన్

తా.క. ఒంటరిగా బాగుండదనుకుంటే క్లోతిల్ద్‌ని కూడా పిలుస్తాను. ఇద్దరూ ఒకే సాయంత్రం అంటే మర్నాడు మీకు కాస్త తలనొప్పిగా ఉంటుంది, అంతే.


పారిస్,
3 నవంబరు

సిస్టర్ ఫిలొమీన్ గారికి,

నేను వివాహితుడను.

ముప్పది సంవత్సరముల ఉద్యోగములో నాకు లంచముగా ఒక పర్యాయము బాతును, ఒక పర్యాయము గొడుగును ఇవ్వజూపిరి. రెంటిని తిప్పిపంపితిని. తమరు ఇవ్వజూపినది, అదియు ఒక సన్యాసిని కలము నుండి... ఇక వ్రాయజాలను.

నవంబరు పధ్నాలుగవ తేదీ ఆదివారము, తమ వేలము దినముననే, నేను స్వయముగా వచ్చుచున్నాను. నా వెంట ఇద్దరు పోలీసులు, ఒక అంబులెన్సు, పధ్నాలుగు దుప్పట్లు, పధ్నాలుగు జతల ఉన్ని మేజోళ్ళు వచ్చును. ఆ అభాగినులలో ఒక్కరిని కూడ ఆనాడు అమ్మనివ్వను. తదుపరి ఆసుపత్రికి తాళము వేయబడును.

ఇట్లు,
అ. బ్రికూ

గమనిక: మేజోళ్ళ కొలతలు తెలియక మూడు రకములు తెచ్చుచున్నాను. చిన్నవారికి కూడ సరిపోవును.


షాంవెర్,
19 నవంబరు

నాయనా బ్రికూ,

మీ టోపీ మా దగ్గరే ఉంది. క్షేమంగా ఉంది. మీరు మా మెట్లెక్కి పారిపోయిన తర్వాత ఏం జరిగిందో మీకు తెలియాలి కాబట్టి ఈ ఉత్తరం.

నేను ముందు మిమ్మల్ని ఆపుదామనే గుమ్మంలో నిలబడ్డాను. మీరు నన్ను చూడనైనా చూడకుండా, చంకలో మేజోళ్ళ కట్టతో నేలమాళిగలోకి దూసుకుపోయారు. వేలానికి వచ్చిన రెండువందల మందీ ఏమిటా అని మీ వెనకే దిగారు, నేనూ దిగాను. ఎండలోంచి వచ్చారు కదా, ఆ చీకట్లో మీకేమీ ఆనలేదు. టోపీ తీసి గుండెలకి ఆనించుకుని, ‘అమ్మల్లారా! భయపడకండి! మిమ్మల్ని విడిపించడానికి నేను వచ్చాను!’ అని అరిచారు. ఆ గొంతు ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఎవరూ పలకలేదు.

‘ఎవర్నండీ విడిపిస్తారు?’ అన్నాడు పుస్సో, పక్కనుంచి.

‘ఫిలిబెర్త్ ఎక్కడ? ముందు ఆమెని చూపించు!’

‘ఇదిగో’ అని పుస్సో పీపా మీద చరిచాడు.

‘ఆమెని బయటికి తియ్యి!’

‘తీస్తే నేలపాలవుతుంది కదండీ!’

‘నేనడిగేది మనిషిని!’

‘మనిషి పోయి ఐదొందల ఏళ్ళయింది బాబూ. ఇది ఆవిడ తోట వైన్.’

ఈలోగా మీ పోలీసుల్లో లావుపాటాయన రెండో పీపా దగ్గర చెయ్యి తడిమి, ‘సార్, ఈ క్లోతిల్ద్ కొంచెం కారుతోంది’ అన్నాడు, వేలు చీకుతూ.

అప్పుడు అర్థమైంది నాయనా నాకు, మీ ఉత్తరాలన్నీ! మీవే కాదు, నావి కూడా. నేను రాసిన ఒక్కో మాటా గుర్తొస్తుంటే నా చెవులు సలసల కాగిపోయాయి. ఆ సాయంత్రం గడపమన్న మాట దగ్గరికి వచ్చేసరికి పక్కనున్న పీపా పట్టుకుని కూలబడ్డాను. మెట్లనిండా జనం విరగబడి నవ్వుతున్నారు. మీరు తెల్లబోయి అందరినీ చూసి, మేజోళ్ళు అక్కడే జారవిడిచి, వాళ్ళని తోసుకుంటూ వెళ్ళిపోయారు. స్టేషనులో గోడవైపు తిరిగి కూర్చున్నారని తర్వాత తెలిసింది. పారిస్ బండి సాయంత్రం ఆరింటికి గానీ లేదు కదా, నాలుగు గంటలు అలాగే ఉన్నారట. ఎంత బాధపడి ఉంటారో!

మీరు వెళ్ళాక జనం ఇంకా నవ్వుతూనే ఉన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఆ మేజోళ్ళు ఏరి చేత్తో పట్టుకుని పీపా ఎక్కి నిలబడ్డాను. డెబ్భై ఒకటో ఏట పీపా ఎక్కడం తేలిక కాదు, పుస్సో వెనకనుంచి నెట్టాడు. ‘నవ్వింది చాలు’ అన్నాను. ‘ఆ పెద్దమనిషి పొరబడ్డాడు, నిజమే. కానీ ఎవరో ముక్కూమొహం తెలియని పధ్నాలుగు మంది చలిలో వణుకుతున్నారనుకుని, పారిస్ నుంచి ఇవి మోసుకొచ్చాడు. చూడండి, చిన్నవాళ్ళకి చిన్నవి కూడా తెచ్చాడు. మీలో ఎంతమంది పైన వార్డులో ఉన్నవాళ్ళ కాళ్ళవైపు ఒక్కసారైనా చూశారు? ఏటా వస్తారు, పీపాలు చూసి పోతారు. ఈసారి ముందు మెట్లెక్కి పైకి వెళ్ళండి. ఆ తర్వాతే వేలం.’

వెళ్ళారు నాయనా! రెండువందల మందీ టోపీలు తీసి, వార్డులో ఈ చివరినుంచి ఆ చివరికి నడిచారు. ఐదొందల ఏళ్ళుగా ఎవరూ చెయ్యని పని. లండన్ దొర ఒకాయన రాళ్ళుకొట్టేవాడి కాళ్ళకి మీ మేజోళ్ళు తొడిగాడు. ఎడమదీ కుడిదీ తేడా ఉంటుందేమోనని అడిగి మరీ తొడిగాడు. కిందికి వచ్చేసరికి ఒక్కరి మొహాన నవ్వు లేదు.

తర్వాత వేలం. మాది కొవ్వొత్తి వేలం, వత్తి ఆరేలోపు ఆఖరి పాట ఎవరిదైతే వాళ్ళదే. నిరుడు మూడు లక్షల ఫ్రాంకులు దాటని క్లోతిల్ద్ ఆరు దాటింది. గిల్లెమెత్ ఏడు. ఇక ఫిలిబెర్త్ దగ్గర ఆంట్‌వెర్ప్ వ్యాపారికీ, నల్ల ముసుగు వేసుకున్న ఒక కొత్తావిడకీ పట్టుదల పడింది. మెట్లమీద కళ్ళు తిరిగి పడితే అంతకుముందే పైన పులుసు తాగించాను ఆవిడకి. ఆయన ఎంతంటే ఆవిడ అంతకు పైన చెయ్యెత్తుతుంది. నోరు విప్పదు. తొమ్మిది, పది, పన్నెండు... పధ్నాలుగు లక్షల దగ్గర ఆయన చేతులెత్తేశాడు, కొవ్వొత్తి ఆరిపోయింది. నేలమాళిగ దద్దరిల్లింది. పుస్సో ఫిలిబెర్త్‌ని కావలించుకుని ఏడ్చాడు. ఇంత ధర మా ఆసుపత్రి పుట్టాక ఎన్నడూ లేదు. కప్పు బాగుచేయిస్తాం, ఎక్స్‌రే యంత్రం కొంటాం, పదేళ్ళు కట్టెలకి వెతుక్కోనక్కర్లేదు. ఊళ్ళో గంటలు మోగించారు. రొట్టెలవాడు కొట్టు తెరిచి దారిన పోయే ప్రతివాడికీ రొట్టె పంచాడు. అత్తగారే దగ్గరుండి పంచింది.

ఇక మీరు తాళం వేస్తారో లేదో మీ ఇష్టం. లేని ఆడవాళ్ళ కోసం ఇంత దూరం దుప్పట్లు మోసుకొచ్చిన మనిషి, ఉన్న రోగుల్ని వీధిలో పడేస్తాడని నేను మాత్రం అనుకోను.

ప్రార్థనలతో,
సిస్టర్ ఫిలొమీన్

తా.క. మీ ఇద్దరు పోలీసులూ ఇంకా ఇక్కడే ఉన్నారు. దర్యాప్తు పూర్తి కాలేదంటున్నారు. పదకొండో పీపా దాకా వచ్చారు.


పారిస్,
27 నవంబరు

సిస్టర్ ఫిలొమీన్ గారికి నమస్కారములు.

ఈ లేఖను నేను నా సొంత కాగితముపై, సొంత తపాలా బిళ్ళతో వ్రాయుచున్నాను.

విషయము... లేదు, విషయం ఏమీ లేదు సిస్టర్ గారూ. ఆఫీసు భాషలో ఇది చెప్పడం నాకు చేతకావడం లేదు. నన్ను క్షమించండి. ఆ రోజు స్టేషనులో గోడవైపు కూర్చుని, ఇక ఉద్యోగం వదిలేద్దామనుకున్నాను. మీ ఉత్తరం వచ్చాక రాళ్ళుకొట్టే ఆయన మేజోళ్ళ సంగతి నాలుగుసార్లు చదివాను.

నిన్న మా పై అధికారుల ముందు నిలబడ్డాను. పత్రికల్లో నా బొమ్మ గీసి వేసినవి బల్లమీద పరిచి ఉన్నాయి. అందులో నేను పీపాని వాటేసుకుని ఉన్నాను. పెద్దాయన నవ్వాపుకుంటూ, ‘ఏమయ్యా బ్రికూ, ఇంతకీ మూద్దామా వద్దా?’ అన్నారు. నాకు ఎప్పుడూ లేని ధైర్యం వచ్చింది. ‘అయ్యా, నేను మనుషుల్ని చూడకుండా కాగితాలు చూశాను. అక్కడ ఐదొందల ఏళ్ళ కిందట పోయిన ఆడవాళ్ళు ఈ రోజుకీ జనానికి గంజి పోస్తున్నారు. అలాంటి ఇంటికి తాళం వేసే చెయ్యి నాది కాకూడదు’ అన్నాను. ఆయన నవ్వు ఆపేశారు. ఫైలు తీసుకుని అడ్డంగా గీత కొట్టారు.

మీ ఆసుపత్రిని మూసేవాటి జాబితా నుంచి తీసేశారు. ఒక ఏడాదికి కాదు, శాశ్వతంగా. ముద్ర వేసిన కాగితం వేరే పంపుతున్నాను. వార్డులో గోడకి తగిలించండి. రాళ్ళుకొట్టే ఆయనకి మీరే చదివి వినిపించండి.

మీ విధేయుడు,
అన్సెల్మ్ బ్రికూ

తా.క. ఒక చిన్న భయం. మీరు రాసిన ఉత్తరాలు నా కోటు జేబులో పెట్టుకునేవాణ్ణి. నవంబరు మొదటినుంచీ కనబడటం లేదు. ముఖ్యంగా ఫిలిబెర్త్‌తో సాయంత్రం సంగతి ఉన్నది. మా ఆవిడ ఈ మధ్య అకారణంగా పాటలు పాడుతోంది. ఇరవై ఆరేళ్ళలో ఎన్నడూ పాడలేదు. ఏమీ అర్థం కావడం లేదు.


పారిస్,
1 డిసెంబరు

సిస్టర్ గారికి,

నేనెవరో మీకు తెలియదు. మీరు నాకు ఒక గిన్నెడు పులుసు పోశారు. పేరు ఎర్మెన్స్ బ్రికూ. అన్సెల్మ్ గారి భార్యని.

నవంబరు మొదట్లో ఆయన కోటు గుండీ కుట్టబోతే జేబులో ఉత్తరాలు దొరికాయి. ఫిలిబెర్త్, క్లోతిల్ద్, పెర్రెనోత్... ఒక్కర్తె కాదు, ఏకంగా పధ్నాలుగు మంది! రాసింది సన్యాసిని అన్న సంగతి నా కంటికి ఆనలేదు, సాయంత్రం అన్న మాటే ఆనింది. ఉప్పు తక్కువైందని కూడా చెప్పడానికి మొహమాటపడే మనిషి, నా వెనక ఇంత కథ నడుపుతున్నాడా అని నిలువునా మండిపోయాను. ఆదివారం ఆఫీసు పనిమీద ఊరెళ్తున్నానన్నారు. అదే బండిలో, వేరే పెట్టెలో, నల్ల ముసుగు వేసుకుని వెనకే వచ్చాను. ఆ ఫిలిబెర్త్ జుట్టు పట్టుకుని నాలుగు వాయించి, నేరుగా మా పుట్టింటికి వెళ్ళిపోదామని పెట్టె కూడా సర్దుకున్నాను.

నేలమాళిగ మెట్లమీద, జనం మధ్య నేనూ ఉన్నాను. ఆయన టోపీ గుండెలకి ఆనించుకుని అరిచిన ఆ అరుపు నేనూ విన్నాను. పీపా చూశాను. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ కలిసి కళ్ళు తిరిగాయి. కళ్ళు తెరిచేసరికి పైన వార్డులో ఆ ఖాళీ మంచం మీద ఉన్నాను. మీరే పక్కన కూర్చుని పులుసు తాగించారు. ఎవరు, ఎక్కడినుంచి, ముసుగెందుకు, ఒక్క మాట అడగలేదు. ‘తాగమ్మా, ముందు తాగు’ అన్నారు. అటుపక్క మంచంలో ఒక ముసలాయన మేజోళ్ళు చూపించి, ‘ఎవరో పారిస్ నుంచి తెచ్చారట, వెచ్చగా ఉన్నాయి’ అన్నాడు. ఆ మేజోళ్ళు ఎవరు కొన్నారో నాకు తెలుసు. మా ఇంట్లో ఖర్చులు రాసే పుస్తకంలో ‘పధ్నాలుగు జతలు’ అని చూసి నేనెంత ఏడ్చానో కూడా తెలుసు.

ఫిలిబెర్త్‌ని కొన్నది నేనే. మా నాన్నగారు ఉత్తరాదిన బీరు కాచి అమ్మేవారు. నా వాటా సొమ్ము ఇన్నేళ్ళుగా బ్యాంకులో ఊరికే పడి ఉంది. దానికి ఇంతకన్నా మంచి దారి దొరకదు. ఆ పీపా నాకు పంపకండి. అక్కడే ఉంచి, వార్డులో వాళ్ళకి భోజనంతో పాటు తలా ఒక గుక్క పోయించండి. నాన్నగారి పొలం ఒకటి కూడా నా పేరిట ఉంది. ద్రాక్ష పండదు, బీరు కాచే బార్లీ గింజలే పండుతాయి. మీకు అభ్యంతరం లేకపోతే ఆసుపత్రికి రాసిస్తాను. పుస్సో గారు కోప్పడితే మీరే సర్దిచెప్పాలి.

వచ్చే సెప్టెంబరులో కోతలకి ఇద్దరం వస్తాం. ఆయన చేత బుట్ట మోయించండి.

మీ కూతురులాంటి,
ఎర్మెన్స్ బ్రికూ

తా.క. ఆ సాయంత్రం ఆరింటి బండిలో ఆయనకి ఎదురుగానే కూర్చున్నాను, ముసుగు తీయలేదు. దారి పొడుగునా, ఎవరో పరాయి ఆవిడ అనుకుని, తన భార్య ఎంత మంచిదో, ఆమెకి ఆ మాట ఇన్నేళ్ళలో ఒక్కసారైనా చెప్పలేకపోయానని ఎంత సిగ్గుగా ఉందో, నాతోనే చెప్పుకున్నారు. నేను పారిస్ దాకా నోరు మెదపకుండా విన్నాను. అందుకే పాపం గుర్తుపట్టలేకపోయారు.